పొటాషియం క్లోరేట్ ఫెయిలైంది

గుండ్లమిట్ట ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో పొటాషియం క్లోరేట్ ఫెయిలైందన్న సంగతి మొదట కనిపెట్టింది కళాశాలవాళ్ళు కాదు, ప్రాంతీయ కార్యాలయంలోని ఫలితాల మెరుగుదల విభాగంవాళ్ళు. అంతవరకూ అది ఫెయిలవుతోందని ఎవరికీ తెలియదు. పాపం, దానికీ తెలియదు.

చూడ్డానికి అది తెల్లగా, కల్లుప్పులా ఉండే పదార్థం. చిటికెడు నల్లపొడి కలిపి గట్టి గాజు గొట్టంలో వేసి వేడిచేస్తే, లోపల దాగి ఉన్న ఆక్సిజన్ అంతా బయటికి వెళ్ళిపోతుంది. నల్లపొడి మాత్రం తరిగిపోదు, తోడుండి పని చేయిస్తుందంతే. వేడి చేయకముందు ఒకసారి తూచి, చల్లారాక మళ్ళీ తూస్తే, తగ్గిన బరువే ఆక్సిజన్ బరువు. నూటికి ముప్పైతొమ్మిది పాళ్ళు, ఆపైన పిసరంత. ఎవరు చేసినా అంతే, ఎక్కడ చేసినా అంతే. ఆ కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పే దిల్షాద్ బేగం చదువుకునే రోజుల్లో చేసినప్పుడూ అంతే వచ్చింది. ఆమెకు పాఠం చెప్పినాయన చేసినప్పుడూ అంతే.

ఆ ఏడు పైనుంచి ఒక ఉత్తరువు వచ్చింది. కళాశాలలో ఏ విభాగంలోనైనా సరే, శాతాల్లో చెప్పదగిన ఫలితాలన్నీ పంపమని దాని సారాంశం. ఆఫీసు గుమాస్తా బుద్ధిమంతుడు. తెలుగులో ఎంతమంది పాసయ్యారు, చరిత్రలో ఎంతమంది పాసయ్యారు అని వరసగా వేసుకుంటూ పోయి, రసాయనశాస్త్రం ప్రయోగశాల దగ్గరికొచ్చేసరికి గోడమీద నల్లబల్ల చూశాడు. దానిమీద 'ఫలితం: 39.2 శాతం' అని సుద్దముక్కతో రాసి ఉంది. అదే వేసి పంపించాడు.

పాసు మార్కు నలభై.

వారం తిరక్కముందే తాఖీదు దిగింది. ప్రిన్సిపాల్ పాండురంగం గారు దాన్ని రెండుసార్లు చదువుకుని, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదువుకుని, దిల్షాద్‌ను పిలిపించారు.

"ఏమ్మా దిల్షాద్, మన క్లోరేట్‌కి ఏమైంది?"

"ఏం కాలేదే సార్. బీరువాలో ఉండాది."

"ఫెయిలైందంట కదమ్మా!" అని కాగితం ఆమె చేతికిచ్చారు.

అందులో ఇలా ఉంది: 'తమ కళాశాలయందు పొటాషియం క్లోరేట్ అనువారు 39.2 శాతము మాత్రమే సాధించి, కనీస ఉత్తీర్ణతకు ఎనిమిది దశాంశములు వెనుకబడియున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. గత సంవత్సరముల వివరములు పరిశీలించగా సదరువారు ఏ సంవత్సరమునందును ఉత్తీర్ణులు కానట్లు తెలియుచున్నది. ఇంతకాలము ఈ విషయమును గోప్యముగా నుంచుటకు గల కారణములను తెలుపవలసినది.'

దిల్షాద్ నవ్వింది. పాండురంగం గారు నవ్వలేదు. ఆయన రిటైర్మెంటు దగ్గర్లో ఉంది. ఆ వయసులో ప్రిన్సిపాళ్ళు తాఖీదులు చూసి నవ్వరు.

"సార్, అది మనిషి గాదు, మందు. అందులో ఉండే ఆక్సిజన్ అంతే. మనం చెప్తే పెరగదు, తిడితే తగ్గదు."

"ఆ మాటే కొంచెం మర్యాదగా రాసి పంపమ్మా."

ఆమె మర్యాదగానే రాసింది. సమీకరణం రాసింది, అణుభారాలు వేసి లెక్క చూపించింది, విద్యార్థులు పరీక్ష రాసి తెచ్చుకునే శాతానికీ, ఒక పదార్థంలో ఉండే ఆక్సిజన్ శాతానికీ తేడా ఏమిటో చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది. జవాబు వెంటనే వచ్చింది. తమ వివరణ చదివి సంతోషించామనీ, రసాయనం పట్ల అధ్యాపకురాలికి ఉన్న వాత్సల్యం అభినందనీయమనీ, ఎనిమిది దశాంశాలే కనుక నిబంధనల ప్రకారం గ్రేసు మార్కులు కలపవచ్చుననీ రాశారు. అయితే గ్రేసు మార్కులు కావాలంటే నూటికి డెబ్బైఅయిదు హాజరు ఉండాలి. హాజరు ధ్రువపత్రం పంపమన్నారు.

పాండురంగం గారు పంపించేశారు. క్లోరేట్ ఏడాది పొడుగునా బీరువాలోనే ఉంది కనుక నూటికి నూరు హాజరు అని సంతకం పెట్టారు. నడవడిక 'తృప్తికరం' అని వేశారు.

దిల్షాద్‌కు ఒళ్ళు మండింది. ఇలా ఒప్పుకుంటూ పోతే ఎక్కడ తేలుతామని బస్సెక్కి ప్రాంతీయ కార్యాలయానికి వెళ్ళింది.

ఫలితాల మెరుగుదల విభాగానికి అధిపతి విరూపాక్షప్ప గారు. బల్లమీద అద్దం, అద్దం కింద ఆయనకొచ్చిన ప్రశంసాపత్రాలు. మనిషి మంచివాడే. కుర్చీ చూపించారు, టీ తెప్పించారు.

"మేడమ్‌గారూ, మీరు స్వయంగా రావడం మంచిదైంది. మీ విషయంలో గ్రేసు మార్కుల ప్రతిపాదన పరిశీలనలో ఉండగా, మాకు మరింత తీవ్రమైన అంశం ఒకటి దృష్టికొచ్చింది."

"ఏంది సార్?"

"మీ తరగతిలో పిల్లలందరూ ఏ సమాధానం రాశారు?"

"ముప్పైతొమ్మిది చిల్లర సార్."

"అందరూనా?"

"అందరూ."

"పోయిన సంవత్సరం?"

"అప్పుడూ అంతే సార్."

"మిగతా కళాశాలల నుంచి కూడా తెప్పించాం. అక్కడా ముప్పైతొమ్మిదే." విరూపాక్షప్ప గారు గొంతు తగ్గించారు. "ఇన్నేళ్ళు, ఇన్ని ఊళ్ళలో, ఇంతమంది పిల్లలు ఒకే అంకె రాశారంటే దీన్ని ఏమంటారు మేడమ్? మా పరిభాషలో సామూహిక చూచిరాత అంటాం."

దిల్షాద్ టీ గ్లాసు పక్కన పెట్టింది.

"సార్, అందరూ ఒకే అంకె రాసినారంటే అందరూ సరిగ్గా చేసినారని అర్థం."

"అదెలా సాధ్యం? అందరూ సరిగ్గా చేస్తే కొందరికైనా ఎక్కువ రావాలిగా!"

"అది ప్రకృతి సార్."

"ప్రకృతి మా పరిధిలోకి రాదు" అన్నారు విరూపాక్షప్ప గారు, నొచ్చుకుంటున్నట్టుగా. "కళాశాల వస్తుంది."

ఆమె తిరిగొచ్చేలోపే ఉత్తరువు వచ్చేసింది. గ్రేసు మార్కుల మాట పక్కకు పెట్టారు. వెనుకబడిన రసాయనాలకు సాయంత్రం పూట ప్రత్యేక శిక్షణ ఇవ్వాలనీ, క్లోరేట్‌కు దిల్షాద్ బేగం గారు మార్గదర్శకురాలిగా వ్యవహరించాలనీ అందులో ఉంది. తనిఖీకి ఒకాయన వచ్చి బీరువా తెరిపించి, సీసా వంక చాలాసేపు చూసి, "మంట ఎంత పెడుతున్నారు?" అని అడిగాడు.

"సరిపోయినంత సార్."

"పెంచండి. ఒత్తిడి లేకపోతే ఎవరూ పైకి రారు."

మంట పెంచారు. గంట వేడిచేసినా ముప్పైతొమ్మిదే. సాయంత్రాలన్నీ ఆ గొట్టం ముందు కూర్చునే సరికి దిల్షాద్ ఇంట్లో వంట ఆలస్యమవడం మొదలైంది. ఆమె భర్త కరీముల్లా రేడియో, టీవీ బాగుచేసే మనిషి, నెమ్మదస్తుడు. "ఆ క్లోరేట్‌కి నీమీద ఉన్న గౌరవం నీ పై ఆఫీసర్లకి లేదే" అని మాత్రం అన్నాడు.

ఇంతలో పిడుగులాంటి వార్త. తుమ్మలదిన్నె కళాశాలలో క్లోరేట్‌కు అరవైఒకటిన్నర వచ్చింది. మొదటి తరగతి. అక్కడి ప్రిన్సిపాల్‌కు సభ చేసి శాలువా కప్పారు. ఆ సభలో విరూపాక్షప్ప గారు మాట్లాడుతూ, 'అదే రసాయనం, అదే సీసా, అదే ప్రభుత్వం. మరి గుండ్లమిట్టలో ఎందుకు రాదు?' అని అడిగారట. పాండురంగం గారు ఆ మాట విని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

దిల్షాద్ కింద మధుకిరణ్ అనే కాంట్రాక్టు లెక్చరర్ ఉండేవాడు. ముప్పై దాటని మనిషి. తెలివైనవాడు, భయస్తుడు. ఏ ఏటికాయేడు కొనసాగింపు కాగితం వస్తేనే ఉద్యోగం. పాండురంగం గారు అతణ్ణి పిలిచి, తుమ్మలదిన్నె వెళ్ళి ఆ కిటుకేమిటో తెలుసుకు రమ్మన్నారు. వెళ్ళొచ్చాడు. వస్తూనే ప్రయోగశాలలోకి దూరి, క్లోరేట్‌లో కాసిని నీళ్ళు చిలకరించి తడిపాడు.

దిల్షాద్ చూసింది. "ఏం చేస్తాండావు మధూ?"

"తూకానికి ముందు తడిపితే, వేడికి నీళ్ళు కూడా పోతాయి మేడం. బరువు ఎక్కువ తగ్గుతాది. ఆడ చేసేది ఇదే."

"తగ్గినదంతా ఆక్సిజన్ అని రాస్తావా?"

"ఫారంలో తగ్గిన బరువు అనే ఉంది మేడం. దేని బరువని అడగలేదు."

"తడి గొట్టం మంట మీద పెడితే పగులుతాది. నీకు తెలీదా?"

తెలుసు. అయినా ప్రిన్సిపాల్ వచ్చి ఎదురుగా నిలబడ్డారు కనుక వెలిగించాడు. లోపల చిటపటమంది. మరుక్షణం గొట్టం అడుగు పగిలి, కాలుతున్న ముక్క ఎగిరి అతని మణికట్టు మీద పడింది. మధుకిరణ్ కేక వేశాడు. దిల్షాద్ అతని చెయ్యి పట్టుకుని కుళాయి కింద పెట్టింది. నీళ్ళు ధారగా పడుతుంటే పాండురంగం గారు దూరంగా గోడకు ఆనుకుని, ముఖం పాలిపోయి, "తుమ్మలదిన్నెలో నువ్వు చేసినప్పుడు ఎంత వచ్చిందయ్యా?" అని అడిగారు.

"అరవై సార్" అన్నాడు మధుకిరణ్ పళ్ళు బిగబట్టి.

"అరవై!" అన్నారాయన. ఆ మాటలో సంతోషమూ ఉంది, సిగ్గూ ఉంది. రెండూ ఒకేసారి రావడంతో ఆయన అక్కడ నిలవలేక వెళ్ళిపోయారు.

దిల్షాద్ అతని చేతికి కట్టు కడుతోంది. అతనే అన్నాడు: "నాకు తెలుసు మేడం, తప్పే. ఈ సంవత్సరం కాగితం రాకపోతే నేను మళ్ళీ ట్యూషన్ సెంటర్లో ఎక్కాలు చెప్పుకోవాల."

"గొట్టం మందమైనది వాడు" అంది ఆమె. "పిల్లకాయల చేతులు కాలనీయొద్దు." 

సంవత్సరాంతపు ప్రాక్టికల్ పరీక్షలొచ్చాయి. సరైన సమాధానం అరవైఒకటిన్నర అని పైనుంచి ముందే నిర్ణయించి పంపారు. ఒక శాతం అటూ ఇటూ ఉండవచ్చు, అంతకు దాటితే ఫెయిలు. పిల్లలు మాత్రం ఏం తక్కువ తిన్నారు? మందమైన గొట్టాలు తెచ్చుకున్నారు, ఎన్ని చుక్కలు వేస్తే అరవైఒకటిన్నర వస్తుందో నేర్చుకున్నారు. పరీక్ష హాలు బట్టలుతికే రేవులా తయారైంది.

ఒక్క ఓబులేశ్వరి తడపలేదు.

ఓబులేశ్వరి తల్లి బస్టాండు ముందర బండి మీద బొరుగుల ఉగ్గాని, బజ్జీలు అమ్ముతుంది. ఆ పిల్లకు పక్క ఊళ్ళోని అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పరీక్షల గదిలో పని ఖాయమైంది. డిగ్రీ పాసైన కాగితం చూపిస్తే చాలు. అగ్గిపుల్ల తలకు పూసే మందులో పడేది ఈ క్లోరేటే. మందు తడిసిందో ఎండిందో, అసలుదో కల్తీదో చూసి చెప్పడమే ఆమె చేయబోయే పని.

సమాధానపత్రంలో ఆ పిల్ల '39.1' అని రాసి, కింద గీత గీసింది.

దిల్షాద్ ఆమె బల్ల దగ్గర ఆగింది. "ఓబులేశ్వరీ, బోర్డు మీద ఏం రాసుందో చూస్తివా?"

"చూసినా మేడం."

"మరి?"

"నాకు ఇదే వచ్చినాది మేడం. రెండుసార్లు తూచినా. రేపు ఫ్యాక్టరీలో తడి మందుని మంచిదని చెప్తే ఆడ ఊరుకుంటారా? పెట్టెలు పెట్టెలు అంటుకోకుండా పోతాయి. లేకుంటే ఇంకేదన్నా అంటుకుంటాది."

దిల్షాద్ కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది. పత్రం తీసుకుంది. యాభైకి యాభై వేసింది.

అందుకే ఆమెను విచారణకు పిలిచారు. నిర్ణీత సమాధానానికి విరుద్ధంగా ఒక విద్యార్థినికి పూర్తి మార్కులు వేయడం ద్వారా ప్రభుత్వ లక్ష్యాలను కించపరిచారన్నది ఆరోపణ. ముగ్గురు సభ్యుల కమిటీ. అధ్యక్షులు విరూపాక్షప్ప గారు. రెండో ఆయన అకౌంట్స్ ఆఫీసరు. మూడో ఆయన ఎవరో చివరిదాకా తెలియలేదు, చివరిదాకా మాట్లాడనూ లేదు.

"మీరు ఏమైనా చెప్పుకోదలిచారా మేడమ్?"

"చెప్పేది ఏం లేదు సార్. చేసి చూపిస్తా."

ఆమె బుట్టలో గొట్టం, బర్నరు, త్రాసు తెచ్చుకుంది. కమిటీ ఒప్పుకుంది. విరూపాక్షప్ప గారికి మనసులో కాస్త ఉత్సాహంగా కూడా ఉంది, ఇన్నాళ్ళుగా ఫైళ్ళలోనే చూస్తున్న క్లోరేట్‌ను ఎదురుగా చూడబోతున్నందుకు. ఎండుదే, పొడిదే అని ఆమె ముగ్గురికీ చూపించింది. మూడో ఆయన వేలితో తాకి చూశాడు. తూకం ఆయన ముందే వేసింది. వేడిచేసింది. తెల్ల ఉప్పు కరిగి, కుతకుతలాడి, సన్నగా బుసలు కొట్టింది. ఆర్పినా కొసన నిప్పు మిగిలిన పుల్ల ఒకటి గొట్టం మూతి దగ్గర పెడితే భగ్గున మండింది. అకౌంట్స్ ఆఫీసరు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

చల్లారాక తూచింది. లెక్క విరూపాక్షప్ప గారినే వేయమంది. ఆయన వేశారు. మళ్ళీ వేశారు. అకౌంట్స్ ఆఫీసరు చేత వేయించారు.

ముప్పైతొమ్మిది పాయింటు ఒకటి.

 దిల్షాద్ బర్నరు పక్కకు జరిపింది. ఇన్నాళ్ళకు ఒక మనిషి తన చేత్తో లెక్క వేసుకున్నాడు, ఇంకా ఏముంటుంది అనుకుంది.

విరూపాక్షప్ప గారు కలం బల్లమీద పెట్టారు. ఆయన ముఖం ఎర్రబడింది.

"కమిటీ ఎదుట కూడా!" అన్నారు. "చూశారా? కమిటీ కూర్చుని ఉందన్న గౌరవం కూడా లేకుండా అదే ముప్పైతొమ్మిది! ఇది అలక్ష్యం కాదు, ధిక్కారం."

తీర్పు చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. తప్పు అధ్యాపకురాలిది కాదనీ, ఆమె శక్తివంచన లేకుండా కృషి చేసిందనీ, తప్పంతా పొటాషియం క్లోరేట్‌దేననీ కమిటీ తేల్చింది. దాన్ని మూడేళ్ళపాటు ప్రయోగశాలలనుంచి బహిష్కరించారు. సీసాలకు లక్క ముద్ర వేసి అప్పగించమన్నారు. ఇక ఆ రసాయనంతో పరీక్ష రాసిన పిల్లల సంగతేమిటి? బహిష్కృత రసాయనంతో చేసిన ప్రయోగం చెల్లదు. అయితే అరవైఒకటిన్నర వచ్చినవాళ్ళు వాడినది పొటాషియం క్లోరేట్ అయి ఉండే అవకాశం లేదని కమిటీ ఎదుటనే రుజువైంది కనుక, వాళ్ళందరూ పాసు. ముప్పైతొమ్మిది వచ్చిన ఓబులేశ్వరి మాత్రం నిస్సందేహంగా దాన్నే వాడింది. ఆమె ఒక్కతే ఫెయిలు.

"సార్, ఇది అన్యాయం" అంది దిల్షాద్.

"అన్యాయం ఏముంది మేడమ్? సప్లిమెంటరీ ఉందిగా! అందులో కొత్త పదార్థం పెడతాం. మంచి శాతం వచ్చేది." ఆయన సభ్యుల వంక తిరిగారు. "వేడిచేస్తే బాగా బరువు తగ్గే పదార్థం ఏదైనా సూచించండి."

అకౌంట్స్ ఆఫీసరు గొంతు సవరించుకున్నారు. "మొన్న మా ఇంట్లో కోడిగుడ్లు ఉడకబెడదామని గిన్నెలో నీళ్ళు పెట్టి మరిచిపోయాం సార్. పూర్తిగా పోయాయి. నూటికి నూరు."

"నీళ్ళు!" అన్నారు విరూపాక్షప్ప గారు.

"సార్, నీళ్ళు మరిగితే ఆక్సిజన్ పోదు, నీళ్ళే పోతాయి" అంది దిల్షాద్.

"నీళ్ళలో ఆక్సిజన్ ఉందా లేదా?"

"ఉంది."

"నీళ్ళు పోతాయా లేదా?"

"పోతాయి."

"మరి ఆక్సిజన్ ఒక్కటే గిన్నెలో మిగిలిపోతుందా మేడమ్?" అని విరూపాక్షప్ప గారు మొదటిసారిగా నవ్వారు.

సప్లిమెంటరీ పరీక్షకు దిల్షాద్‌ను రావద్దన్నారు. పరీక్షాధికారిగా మధుకిరణ్‌ను వేశారు. హాల్లో ఒక్క బల్ల, ఒక్క గిన్నె, ఒక్క పిల్ల. బోర్డు మీద 'నీటిలో ఆక్సిజన్ శాతము: 100' అని ముందే రాసి ఉంది.

ఓబులేశ్వరి గిన్నెను తూచింది, నీళ్ళు పోసి తూచింది, పొయ్యి మీద పెట్టింది. నీళ్ళు మరుగుతుంటే ఆ పిల్ల టిఫిన్ డబ్బా మూతను చన్నీళ్ళతో చల్లబరిచి, ఆవిరికి అడ్డంగా పట్టుకుంది. మూత నిండా చెమర్చింది. చుక్కలు జారి పడ్డాయి.

"ఇవి ఏంది సార్?" అని అడిగింది మధుకిరణ్‌ను.

"నీళ్ళు."

"మరి నీళ్ళు నీళ్ళుగానే ఉన్నాయి కదా సార్. ఆక్సిజన్ ఎక్కడ విడిపోయింది?"

 ఆ పిల్ల పత్రంలో రాసింది: 'గిన్నెలోని బరువు మొత్తం తగ్గినది. వెలువడిన ఆక్సిజన్: 0 శాతము.'

మధుకిరణ్ తలుపు దాకా వెళ్ళి, బయట ఎవరూ లేరని చూసుకుని వచ్చాడు. "ఓబులేశ్వరీ, నా మాట విను తల్లీ. ఆ సున్నా ముందర ఒక ఒకటి, పక్కన ఇంకో సున్నా పెట్టు. అంతే. నీ పని నీకు దొరుకుతాది. మీ అమ్మ ఎంత ఆశ పెట్టుకునిందో నాకు తెలీదా?"

"మా అమ్మ బండి కాడ నూనె కల్తీదని తెలిస్తే ఆ రోజు బజ్జీలే వేయదు సార్" అంది ఓబులేశ్వరి.  "నాకు భయంగానే ఉంది. కానీ నేను నూరు అని రాస్తే, ఫ్యాక్టరీలో మొదటి రోజే ఏదో ఒకటి రాసేస్తా. అలవాటైపోతాది."

మధుకిరణ్ చాలాసేపు ఆ పత్రం పట్టుకుని కూర్చున్నాడు. మణికట్టు మీద మచ్చ ఇంకా గులాబీరంగులో ఉంది. రాబోయే నెలలో కొనసాగింపు కాగితం రావాలి. కలం తీశాడు, మూత పెట్టాడు, మళ్ళీ తీశాడు. యాభైకి యాభై వేశాడు. కింద 'సమాధానం సరైనది' అని రాసి, చదవగలిగేలా పెద్దగా సంతకం పెట్టాడు. ఆ సాయంత్రం దిల్షాద్ ఇంటికి వెళ్ళి, "మేడం, మనమిద్దరం కలిసే ట్యూషన్ సెంటరు పెట్టుకోవాలేమో" అన్నాడు.

ఆమె భర్త లోపలికి వెళ్ళి ఇద్దరికీ టీ పెట్టుకొచ్చాడు.

అనుకున్నట్టే పత్రం ప్రాంతీయ కార్యాలయానికి వెళ్ళింది. అనుకున్నట్టు జరగలేదు. ముప్పైతొమ్మిది అయి ఉంటే నలభైకి తక్కువ, వెంటనే పట్టుకునేవాళ్ళు. సున్నాను ఏం చేయాలో అక్కడ ఎవరికీ తెలియలేదు. ఫైలు ఒక బల్లమీంచి ఇంకో బల్లమీదికి తిరిగింది. చివరికి విరూపాక్షప్ప గారి దగ్గరికి వచ్చింది. ఆయన బాగా ఆలోచించారు. లెక్కల్లో క్లోరేట్ స్థానంలో నీళ్ళను చేర్చాక ప్రాంతం సగటు నూరు అయింది, సున్నాను లెక్కలో వేస్తే అది దిగిపోతుంది. దిగితే ఆయన శాలువా ఆగిపోతుంది. అందుకని ఒక స్పష్టీకరణ జారీ చేశారు: 'సున్నా అనగా ఏమియు లేకుండుట. ఏమియు లేనిచోట తక్కువయు ఉండజాలదు. కావున సున్నాను నమోదు కాని అంశముగా పరిగణించి, మార్కులు మాత్రము యథాతథముగా స్వీకరించవలెను.'

యథాతథంగా స్వీకరించారు. ఓబులేశ్వరి పాసైంది. ప్రాంతం సగటు నూటికి నూరు. మధుకిరణ్ కాగితం మామూలుగానే వచ్చింది. ఎవరూ చదవకుండానే సంతకం అయినట్టుంది.

ఫ్యాక్టరీలో చేరిన మొదటి నెలలో ఆ పిల్ల రెండు బస్తాల తడి మందు తిప్పి పంపించింది. సరఫరాదారు వచ్చి గట్టిగా అరిచాడు. మేనేజరు ఆ పిల్లనే మళ్ళీ పరీక్ష చేయమన్నాడు, అతని ఎదుటే. తర్వాత అతను అరవలేదు. ఆ కబురు చెప్పడానికి ఓబులేశ్వరి, తల్లి చేసిచ్చిన ఉగ్గాని, బజ్జీలు పట్టుకుని తన వారపు సెలవు రోజున కళాశాలకు వచ్చింది. దిల్షాద్, మధుకిరణ్ ప్రయోగశాలలోనే కూర్చుని తింటున్నారు. అప్పుడు పాండురంగం గారు ఒక కాగితం పట్టుకుని హడావిడిగా లోపలికొచ్చారు.

"అమ్మా దిల్షాద్, విరూపాక్షప్ప గారికి పదోన్నతి వచ్చింది. పోతూ పోతూ అన్ని కళాశాలలకూ వచ్చే సంవత్సరం లక్ష్యాలు ఇచ్చిపోయినారు. ఈ ఏడు సాధించినదానిమీద ప్రతివాళ్ళూ అయిదు శాతం మెరుగుదల చూపాలంట."

"నూరు మీద అయిదా సార్?" అన్నాడు మధుకిరణ్, బజ్జీ నోటి దగ్గర ఆపి.

"నూట అయిదు" అన్నారు పాండురంగం గారు. ఆయన కళ్ళలో నిజంగానే దిగులుంది. "గిన్నెలో నూరు గ్రాముల నీళ్ళు పోస్తే నూట అయిదు తగ్గాల. ఏదన్నా దారి ఉందా అమ్మా?"

ఓబులేశ్వరి పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దిల్షాద్ నవ్వు ఆపుకుంటూ, చేయి కడుక్కుని, తీరిగ్గా తుడుచుకుంది.

"ఉంది సార్. నీళ్ళన్నీ పోయినాక గిన్నె కూడా కొంచెం పోవాల."

ముగ్గురూ ఇక ఆపుకోలేక పగలబడి నవ్వారు. పాండురంగం గారు నవ్వలేదు. కాసేపు తలుపు దగ్గరే నిలబడి, ఆ మాటను మనసులో అటూ ఇటూ తిప్పి చూసుకుని, వరండాలోకి వెళ్ళి స్టోరుకీపరును కేకేశారు.

"ఏమప్పా, వేడికి అరిగిపోయే గిన్నెలు ఎవరన్నా సప్లై చేస్తారేమో కనుక్కో. టెండరు పిలుద్దాం."